విశాఖ కెరటాల్లో మూడు ఉదయాలు

విశాఖపట్నం చూడనివారు మా బెజవాడలో తక్కువే. పెళ్ళికో, పరీక్షకో, ఆస్పత్రి పనికో వెళ్ళి, సాయంత్రం బీచ్ రోడ్డున కాసేపు కూర్చుని, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, పాదాలు తడుపుకుని వచ్చేస్తారు. నేనూ అలా నాలుగుసార్లు వెళ్ళి వచ్చినదాన్నే. ఐదోసారి మాత్రం పాదాల దగ్గర ఆగలేదు. నడుము దాకా, మెడ దాకా, ఒకటి రెండుసార్లు తల మీదుగా కూడా సముద్రం నన్ను చూసింది. ఆ సంగతి రాయమని మా స్కూల్లో తోటి టీచర్లు అడుగుతూనే ఉన్నారు. నవ్వొచ్చే విషయాలు చాలా జరిగాయి కాబట్టి తేలిగ్గా రాసేయొచ్చనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక, ఆ నవ్వులన్నీ చెప్పేశాక చెప్పాల్సింది ఇంకొకటి ఉందని గుర్తొచ్చి ఏడు నెలలు వాయిదా వేశాను.

రైల్లో

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, బుధ, గురు, శుక్రవారాలు విశాఖలో టీచర్లకు శిక్షణ అన్నారు. లాడ్జి గదిలో ఒక్కదాన్నే ఉండటం ఇష్టంలేక నా తోడికోడలు సునీతను తోడు రమ్మన్నాను.

భవానీపురంలో మావారిదీ, ఆయన తమ్ముడిదీ ఒకే ఇల్లు. కింద వాటాలో మేము, పై వాటాలో మా మరిది శ్రీను, సునీత, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప. శ్రీనుకు వన్ టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ కొట్టు ఉంది. సునీత ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. ఆమె ఇంటర్ తప్పి చదువు మానేసింది. బ్యాంకు కాగితాలు నింపాలన్నా, పాప స్కూల్లో మాట్లాడాలన్నా కిందికి దిగివచ్చి నన్నే అడుగుతుంది. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. "మీకు తెలుసుగా అక్కా" అనేది ఆమె ఊతపదం. ఆ మాటకు నేను ఎంత అలవాటు పడ్డానో నాకే తెలియదు.

శ్రీను కాస్త తటపటాయించాడు. "వదినతో అయితే సరే. మీరు పక్కనుంటే నాకు భయం లేదు" అన్నాడు చివరికి. పాపను మా అత్తగారు చూసుకుంటానన్నారు.

రైలు కదిలిన దగ్గర్నుంచి సునీత కిటికీ వదల్లేదు. ఏలూరు వైపు కాలువలు వస్తుంటే, ఏ కాలువలో నీళ్ళు ఎలా ఉన్నాయో చెబుతోంది. "ఇది లాగేస్తదక్కా. పైకి కదలనట్టే ఉంటది గానీ" అంది ఒక కాలువను చూసి. ఆమెది నాగాయలంక. సముద్రపు పోటు కృష్ణ పాయలోకి ఎక్కి వచ్చే ఊరు. చిన్నప్పుడు అరటి బోదెలు కట్టుకుని పాయ దాటి లంకలో జామకాయలు కోసుకొచ్చేవాళ్ళమని ఆ రోజే మొదటిసారి చెప్పింది. కృష్ణ ఒడ్డున కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె నీళ్ళలోకి దిగింది పుష్కరాల్లో మూడు మునకలు వేయడానికే.

పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం తెచ్చింది. రాజమండ్రి వంతెన మీద డబ్బా మూత తీస్తే ఎదురుగా కూర్చున్న శ్రీకాకుళం ఆవిడ వాసన చూసి నవ్వింది. "బెజవాడోళ్ళని చెప్పక్కర్లేదు. గోంగూర చెప్పీసింది" అంది. రెండు ముద్దలు పెడితే తిని, కారానికి కళ్ళు తుడుచుకుంది.

మొదటి ఉదయం

లాడ్జి బీచ్ రోడ్డుకు దగ్గర. తెల్లవారగానే నడకకని బయలుదేరి, కైలాసగిరి దాటి ఆటోలో ఇంకాస్త ముందుకెళ్ళాం. రోడ్డు మీద సిటీ బస్సులు తిరుగుతున్నాయి, వెనక అపార్టుమెంట్ల బాల్కనీల్లో బట్టలు ఆరుతున్నాయి. ఎదురుగా జాలరిపేట పడవల పక్కన పదిహేను మంది బోర్డులు పట్టుకుని నీళ్ళలో ఉన్నారు. బోర్డు మీద నిలబడి కెరటం మీద జారే ఈ సర్ఫింగ్ అంటే ఎక్కడో విదేశాల్లో కండలు తిరిగినవాళ్ళు చేసేదనుకున్నాను. ఇక్కడ ఆరేళ్ళ పిల్లలు ఉన్నారు, బొజ్జ ఉన్న మగవాళ్ళు ఉన్నారు, నెరిసిన జుట్టు ముడివేసుకున్న ఒక పెద్దావిడ ఉన్నారు.

ఆ పెద్దావిడే మమ్మల్ని మొదట పలకరించారు. రాజేశ్వరిగారు, రిటైరైన నర్సు. "అరవై నిండేక మొదలెట్టేనమ్మా. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు ఇసకలో నడవమన్నాడు. నడుస్తూ నడుస్తూ ఇందులోకి దిగిపోయేను" అన్నారు.

నేర్పేది అప్పలరాజు అనే ముప్పై ఏళ్ళ మనిషి. ఆ పేటలోనే పుట్టాడు. తండ్రి ఇప్పటికీ వేటకు వెళతాడట. ఆ బీచ్ గొప్పతనం అతనే చెప్పాడు. ఒడ్డు దగ్గర మోకాలెత్తు నురుగు వచ్చి తోస్తుంది, అది కొత్తవాళ్ళకు. ఇంకొంచెం లోపల నడుమెత్తున లేచే కెరటాలు, కాస్త వచ్చినవాళ్ళకు. కుడిపక్క రాళ్ళ వైపు లేచేవి చేయితిరిగినవాళ్ళకు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే ఆవరణలో ఉన్న బడి అనిపించింది నాకు. మేము అల అంటే, అక్కడ అందరూ కెరటం అంటారు.

గంటన్నరకు మనిషికి పన్నెండు వందలన్నాడు. భవానీ ద్వీపం పడవకే ధర ఎక్కువని గొణిగే మనుషులం మేము. "ఇద్దరికీ కలిపి రెండువేలు ఇచ్చీయండి" అన్నాడు నా ముఖం చూసి.

సునీత నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఆయనకి తెలిస్తే?"

"నేనున్నాగా. నేను చెప్తాలే" అన్నాను.

దిగుదామన్నది నేనే. ఈ మాట ఇక్కడ స్పష్టంగా రాయాలి.

వాళ్ళిచ్చిన బిగుతు చొక్కాలు, లెగ్గింగ్సు వేసుకుని ఒకరినొకరం చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. ముందు ఇసుకలో బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు నొక్కి, ఒక్క ఊపులో లేచి నిలబడటం పదిసార్లు చేయించాడు. ఇసుకలో నేను బాగానే లేచాను. నీళ్ళలో మొదటి నురుగు తగలగానే బోర్డు ఒకవైపు, నేను ఒకవైపు. ఉప్పునీళ్ళు ముక్కులోంచి నెత్తికెక్కాయి. లేచేసరికి ముఖం మీద కళ్ళజోడు లేదు. దానికి తాడు కట్టుకోమని అప్పలరాజు ముందే చెప్పాడు. పాతికేళ్ళుగా పెట్టుకుంటున్నాను, నాకు తెలియదా అనుకున్నాను. నలుగురం అరగంట వెతికినా దొరకలేదు.

ఆ వెతుకులాటలోనే సునీత మూడోసారి ప్రయత్నించింది. నాకు కనిపించింది ఒక మసక ఆకారం. అది పడుకుంది, లేచింది, ఒడ్డు దాకా నిలబడే వచ్చింది. రాజేశ్వరిగారు చప్పట్లు కొట్టారు. సునీత బోర్డు దిగి, ఏదో తప్పు చేసినదానిలా నా వైపు చూసింది.

"అక్కా, నిలబడ్డానండీ" అంది.

నేను ఆమెను కౌగిలించుకున్నాను. నా సంతోషంలో కల్తీ లేదు. మొదటి రోజు లేదు.

చేపల పులుసు, ఇడ్లీ

ఒడ్డున అప్పలరాజు తల్లి టిఫిన్ బండి ఉంది. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఇడ్లీ అంటే అల్లం పచ్చడి, కారప్పొడి, పైన నెయ్యి. ఇక్కడ వేడి ఇడ్లీ మీద ముందురోజు చేపల పులుసు పోసిచ్చింది. నేను సందేహిస్తుంటే సునీత అప్పటికే రెండోది తుంచుతోంది. "మా ఊళ్ళోనూ ఇంతేనక్కా. మీరంతా ఏమనుకుంటారోనని చెప్పలేదు" అంది. సునీత ఏడో ఇడ్లీ దగ్గర బండి ఆవిడే లెక్క మర్చిపోయింది.

కళ్ళజోడు లేకుండా శిక్షణకు వెళ్ళి వేరే జిల్లా వాళ్ళ గదిలో గంటసేపు కూర్చున్నాను. హాజరు పట్టీలో ఎవరో లెక్కల మాస్టారి గడిలో సంతకం పెట్టాను. ఆయన మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చి, "మేడమ్, నేను మీరెలా అయ్యాను?" అని చాలా మర్యాదగా అడిగారు.

రెండో ఉదయం

రెండో రోజు అప్పలరాజు నన్ను నురుగులోనే ఉంచి, సునీతను నడుమెత్తు కెరటాల్లోకి తీసుకెళ్ళాడు. నేను మళ్ళీ మళ్ళీ పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. పక్కన ఆరేళ్ళ పిల్ల నాకు చెయ్యి ఆసరా ఇచ్చింది.

సునీత మధ్యమధ్య నా దగ్గరకు ఈదుకుంటూ వచ్చి చెబుతోంది. "ఇప్పుడెక్కకండక్కా, దీని వెనకాల ఇంకోటి వస్తంది. దాన్ని పోనివ్వండి. ఆ తర్వాతది మనది." నాకు ఆ తేడా ఏమీ కనిపించేది కాదు. చెప్పినట్టు చేస్తే ఒకసారి మోకాళ్ళ మీద కూర్చోగలిగాను.

"మీ చెల్లెలా మేడమ్?" అని ఎవరో అడిగారు.

"తోడికోడలు."

"ఆవిడకి నీళ్ళు తెలుసు" అన్నాడు అప్పలరాజు. "నేర్పక్కర్లేదు, వదిలీడమే. మీరు కాసేపు ఒడ్డున కూకోండి మేడమ్, అలిసిపోయేరు."

ఒడ్డున కూర్చున్నాను. పదిమంది ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు. ఏ ఊరు, ఏం చేస్తారు, ఎన్నాళ్ళుగా నేర్చుకుంటున్నారు. జవాబులు నేనే చెప్పాను. "బ్లౌజులు కుడుతుంది" అన్నప్పుడు నా గొంతులో అవసరం లేనిది ఏదో ఉందని అప్పుడే తెలిసింది నాకు. ఆ మాట సరిదిద్దుకుందామంటే ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం బీచ్‌లో మరమరాలతో కలిపిన మురీ మిక్చర్ తింటూ ఆమె ఆగకుండా మాట్లాడింది. ఆమె కాపురానికి వచ్చిన పన్నెండేళ్ళలో అంత మాట్లాడగా నేను వినలేదు. నేను తలనొప్పి అన్నాను. కళ్ళజోడు లేక నిజంగానే కొంచెం ఉంది.

మూడో ఉదయం

శుక్రవారం సముద్రం కాస్త ఎక్కువగా కదిలింది. సునీత అప్పలరాజు వెనకే నడుమెత్తు కెరటాల్లో చివరి వరుస దాకా వెళ్ళింది. ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఒక కెరటం లేచింది, ఆమె తల నల్లటి మసక చుక్కలా దాని మీద కనిపించింది, తర్వాత కనిపించలేదు. తెల్లటి నురుగు తప్ప ఏమీ లేదు. నేను పేరు పెట్టి అరిచాను. నీళ్ళలోకి పరుగెత్తి నడుము దాకా వెళ్ళి ఆగిపోయాను, ఎందుకంటే ముందుకు వెళ్ళడం నాకు చేతకాదు. ఎంతసేపో చెప్పలేను. రాజేశ్వరిగారైతే "నాలుగు అంకెలు లెక్కపెట్టినంత సేపమ్మా" అన్నారు తర్వాత. సునీత అవతలిపక్క తేలి చెయ్యి ఊపింది. ఆ వెంటనే ఇంకో కెరటం అందుకుని నిలబడి ఒడ్డు దాకా వచ్చేసింది.

ఇసుకలో కూర్చున్నాక అప్పలరాజు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. ఆదివారం పొద్దున కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు చిన్న పోటీ పెడుతున్నారట. "ఆడవాళ్ళు ముగ్గురే ఉన్నారు. మీరుంటే నలుగురవుతారు. గెలుపు ఓటమి ఏటీ లేదండి, పేరు పిలుస్తాం, బోర్డెక్కుతారు." పుస్తకం తెరుస్తూ ఇంకో మాట అన్నాడు. "నెలకి రెండు రోజులు వచ్చి పోతుంటే ఏడాదిలో మీరే నేర్పగలరు. ఆడపిల్లల్ని పంపడానికి నేర్పే ఆడమనిషి ఉన్నారా అని అడుగుతున్నారు అమ్మలు."

పేరు రాసుకుంటూ "సునీత, విజయవాడ" అన్నాడు.

"నాగాయలంక అని రాయండి" అంది సునీత.

మాకు శనివారం రైలుకు టికెట్లున్నాయి. నడుస్తుంటే ఆమె నెమ్మదిగా అంది. "ఒక్క రోజక్కా. ఆదివారం పొద్దున అయిపోగానే వెళ్ళిపోదాం. ట్రైనింగు ఒక రోజు పెరిగిందని ఆయనకి చెప్పండి."

"అబద్ధాలు నేను చెప్పను సునీతా. ఉన్నదున్నట్టు చెప్పి అడుగుతాను."

ఆమె ముఖం తేటపడింది. "అదే మంచిదక్కా. మీరడిగితే కాదనరు."

ఫోను

ఆ సాయంత్రం ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తుంటే లాడ్జి వరండాలో నిలబడి శ్రీనుకు ఫోను చేశాను. మొదటి మాటలన్నీ నిజాలే. సముద్రంలో దిగామని, నా కళ్ళజోడు పోయిందని, సునీత బోర్డు మీద నిలబడిందని చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. నవ్వాడు.

"నాగాయలంక మనిషి కదా వదినా, దానికి నీళ్ళు కొత్తేం కాదు. పెళ్ళిచూపులప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడు, చేపపిల్లండీ మా అమ్మాయి అని. ఆదివారం దాకా ఉంటానంటుందా? మీరేమంటారు? పర్లేదంటే ఉండండి."

నిర్ణయం నా చేతిలో పెట్టాడు. పర్లేదు అన్న ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆదివారం నాటి ఒడ్డు కళ్ళ ముందు కనిపించింది. అందరూ ఆమె పేరు పిలుస్తారు. నేను తువ్వాళ్ళు పట్టుకుని నిలబడతాను.

"అలలు మనిషెత్తున ఉన్నాయి శ్రీనూ. పొద్దున ఒకసారి మునిగిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది" అన్నాను.

"అమ్మో. అయితే వద్దొదినా. రేపే వచ్చేయండి. మీరు చూసుకోబట్టి సరిపోయింది."

భయపడ్డ మాట నిజం. దాన్ని నేను ఎన్నోసార్లు నాకు సాక్ష్యంగా తెచ్చుకున్నాను. కానీ కెరటాలు నడుమెత్తే. వాటి ఎత్తు చెప్పడానికి ఆ రోజు నా ముఖాన కళ్ళజోడు కూడా లేదు.

సునీత కిందికి వచ్చింది. అడగలేదు, చూసింది.

"శ్రీను వద్దన్నాడు" అన్నాను.

"మీరడిగినా?"

"అడిగినా."

తల ఊపింది. బకెట్టు గోడవారగా పెట్టి, బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది.

తిరుగు దారి

శనివారం స్టేషనుకు వెళ్ళే ముందు ఐదు నిమిషాలు ఆటో ఆపమంది. అప్పలరాజుతో రాలేనని చెప్పి వచ్చింది. "పేరు కొట్టీయనండి, వచ్చే ఏడాదికి ఉంచేస్తాను" అన్నాడట. రాజేశ్వరిగారు నా ఫోను నంబరు రాసుకున్నారు. సునీతకు మాడుగుల హల్వా పొట్లం ఇచ్చారు.

రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చోలేదు. శ్రీను రెండుసార్లు ఫోను చేస్తే తీయలేదు. మూడోసారి నాకిచ్చి, "నిద్రపోతుందని చెప్పండక్కా" అంది. కాదనని మనిషి మీద ఆమె కోపం పెట్టుకుని కూర్చుంటే పక్కనే ఉండి చూశాను. తుని ముందు చెబుదామనుకున్నాను. అన్నవరంలో ప్రసాదం అమ్మేవాళ్ళు వచ్చారు, వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను. సామర్లకోట, రాజమండ్రి, తాడేపల్లిగూడెం. చెప్పడానికి దారిలో ఆరు గంటలు దొరికాయి. పక్క సీటులో ఒకాయన తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల ధర గురించి మాట్లాడితే ఏలూరు దాకా శ్రద్ధగా విన్నాను.

భవానీపురం

ఇంటికి చేరేసరికి సాయంత్రం. శ్రీను కొట్టు తొందరగా కట్టేసి వచ్చి గుమ్మంలోనే ఉన్నాడు. సునీత చేతిలో సంచి అందుకుంటూ అన్నాడు. "హమ్మయ్య. వదిన చెప్పకపోతే నేను ఉండమనేవాణ్ణే. మనిషెత్తున అలలంటగా?"

సునీత చెప్పులు విప్పుతోంది. ఒక చెప్పు విప్పి ఆగింది. నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు బాగుండేది. ఏదో తప్పుగా కుట్టిన బట్టను వెలుతురుకు పట్టి, కుట్టు ఎక్కడ తప్పిందో చూసినట్టు చూసింది.

"అవునండీ" అంది శ్రీనుతో. "మనిషెత్తునే ఉన్నాయి. అక్క చెప్పబట్టి సరిపోయింది."

రెండో చెప్పు విప్పి పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా మధ్య మాటలు తగ్గలేదు. బ్యాంకు కాగితాలు తీసుకుని కిందికి వస్తూనే ఉంది. "మీకు తెలుసుగా అక్కా" అనడం మాత్రం మానేసింది. రెండుసార్లు క్షమించమని అడగబోతే, ఇవ్వాల్సిన బ్లౌజులున్నాయని లేచింది.

పోయిన నెల రాజేశ్వరిగారు ఫోను చేశారు. మళ్ళీ పోటీ పెడుతున్నారట, నాగాయలంక అమ్మాయిని తీసుకురమ్మన్నారు. ఆ సాయంత్రం పైకి వెళ్ళి, సునీత ముందే శ్రీనుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. కెరటాలు ఎంతున్నాయో, నేనెంత చెప్పానో, ఎందుకు చెప్పానో. ఎందుకన్నది చెప్పడానికి చాలాసేపు పట్టింది. శ్రీను నేల చూస్తూ విన్నాడు. చివరికి భార్య వైపు తిరిగి, "ఈసారి నేనే తీసుకెళ్తా. టికెట్లు తీయనా?" అన్నాడు.

సునీత మిషను మీద నుంచి తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"నేను రానండీ" అంది. "అక్కను తీసుకెళ్ళండి. అక్కకి ఇంకా నిలబడటం రాలేదు."

మెత్తగానే అంది. మిషను మళ్ళీ మొదలైంది. నేను కాసేపు అక్కడే ఉండి, కిందికి వచ్చేశాను.